లెవోథైరాక్సిన్ మోతాదు పెంచిన తరువాత రక్తపరీక్ష అంకెలను ఎలా చదవాలి?

వేకువవెలుగు

సభ్యులందరికీ నమస్కారం. నాకు హాషిమోటో థైరాయిడైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే ఆటోఇమ్యూన్ జబ్బు) ఉన్నట్లు తేలిన తరువాత మా వైద్యురాలు రోజుకు 50 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్‌తో (టీ4 అనే థైరాయిడ్ హార్మోను మాత్ర) చికిత్స మొదలుపెట్టారు. ఆ మోతాదుతో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను) 11.2 దగ్గరే నిలిచిపోవడంతో దానిని 75కు పెంచి, ఆరు వారాల తరువాత పరీక్ష చేయించుకొని రమ్మన్నారు. నీరసం, మలబద్ధకం ఏమీ తగ్గకపోవడంతో నేను మూడు వారాలకే రక్తం ఇచ్చాను. టీఎస్‌హెచ్ 6.8 అని, ఫ్రీ టీ4 (రక్తంలో ప్రోటీన్లకు అంటుకోకుండా ఉండే టీ4) 1.2 అని వచ్చాయి. ఆ ల్యాబ్ ఇచ్చిన పరిధులు టీఎస్‌హెచ్‌కు 0.4 నుంచి 4.5 వరకు, ఫ్రీ టీ4కు 0.8 నుంచి 1.8 వరకు. టీఎస్‌హెచ్ పక్కన ఎర్ర అక్షరాలతో ‘ఎక్కువ’ అని ముద్రించారు.

నా సందేహాలు రెండు. ఈ అంకెను బట్టి మోతాదును 100కు పెంచవలసి ఉంటుందా? ఫ్రీ టీ4 మామూలుగా ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ మాత్రం ఎందుకు ఎక్కువగా ఉంది? అనుభవం ఉన్నవారు, వైద్యరంగంలో ఉన్నవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

వేదిక నిర్వాహకులు

ఇక్కడ వచ్చే సమాధానాలు విషయాన్ని అర్థం చేసుకోవడానికే తప్ప మాత్ర మోతాదు మార్చుకోవడానికి ఆధారం కావు. చికిత్స చేస్తున్న వైద్యులను సంప్రదించకుండా ఎవరూ మోతాదు మార్చవద్దని మనవి.

తెల్లకోటు

వేకువవెలుగు గారూ, నేను జనరల్ మెడిసిన్ వైద్యుడిని. మీ మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ఈ మందు శరీరంలో ఎంతకాలం ఉంటుందో ముందు తెలియాలి. లెవోథైరాక్సిన్ అర్ధాయువు సుమారు ఏడు రోజులు. అంటే రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి వారం పడుతుంది, హైపోథైరాయిడిజం (థైరాయిడ్ హార్మోను లోపం) బాగా ఎక్కువగా ఉన్నవారిలో తొమ్మిది పది రోజులు కూడా పట్టవచ్చు. అడుగున చిన్న రంధ్రం ఉన్న తొట్టిలోకి పంపు నుంచి వచ్చే ధారను కొంచెం పెంచామనుకోండి. నీటిమట్టం వెంటనే కొత్త ఎత్తుకు చేరదు, మెల్లగా పెరుగుతూ పోయి, లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ సమానమైనప్పుడు నిలుస్తుంది. మోతాదు మార్చిన తరువాత రక్తంలో టీ4 కూడా ఇదే విధంగా పెరుగుతుంది. మూడు వారాలకు రావలసిన మార్పులో దాదాపు 87 శాతం వస్తుంది, ఆరు వారాలకు 98 శాతం దాటుతుంది.

అయితే టీఎస్‌హెచ్ ఇంకా వెనకబడి నడుస్తుంది. అది థైరాయిడ్ గ్రంథిలో పుట్టేది కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే హార్మోను. రక్తంలో టీ4 సరిపడినంత ఉందన్న నమ్మకం పిట్యూటరీకి కలగడానికి, ఆ మేరకు అది తన ఉత్పత్తిని తగ్గించుకోవడానికి మరికొంత సమయం కావాలి. మోతాదు మార్చిన తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించమని చెప్పేది అందుకే. మీ 6.8 మధ్యదారిలో తీసిన అంకె. అది 11.2 నుంచి కిందికి దిగుతున్నదన్నదే అందులోని అసలు సమాచారం, ఎక్కడ ఆగుతుందన్నది ఆ అంకె చెప్పలేదు. ఇప్పుడే 100కు పెంచితే, 75 ఫలితం పూర్తిగా తెలియకముందే రెండో మార్పు దానిమీద పడుతుంది. అప్పుడు ఏ మోతాదు వల్ల ఏ ఫలితం వచ్చిందో మీ వైద్యురాలు కూడా విడదీసి చెప్పలేరు.

ప్రయోగశాల

నేను వైద్యుడిని కాను, హార్మోను పరీక్షలు చేసే ల్యాబ్‌లో బయోకెమిస్టుగా పనిచేస్తాను. రెండో ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను.

ఫ్రీ టీ4కు, టీఎస్‌హెచ్‌కు మధ్య సంబంధం సరళరేఖలో ఉండదు. ఫ్రీ టీ4 రెట్టింపైనా, సగమైనా, టీఎస్‌హెచ్ వ్యతిరేక దిశలో సుమారు వంద రెట్ల వరకు మారగలదు. కాబట్టి ఫ్రీ టీ4లో కంటికి ఆనని చిన్న తగ్గుదల కూడా టీఎస్‌హెచ్‌లో పెద్ద పెరుగుదలగా కనిపిస్తుంది. దీనికి తోడు ప్రతి మనిషికీ తనదైన ఒక ఫ్రీ టీ4 మట్టం ఉంటుంది, దాని చుట్టూ ఉండే హెచ్చుతగ్గులు చాలా ఇరుకైనవి. ల్యాబ్ ముద్రించే పరిధి వేలమంది ఆరోగ్యవంతుల అంకెలను కలిపి తయారుచేసినది కనుక అది వెడల్పుగా ఉంటుంది. వేకువవెలుగు గారి సహజమైన మట్టం 1.5 అయి ఉంటే, ఆమెకు 1.2 అంటే తక్కువే. ల్యాబ్ పరిధి ఆ తేడాను పట్టుకోలేదు, పిట్యూటరీ గ్రంథి పట్టుకుంటుంది. థైరాయిడ్ గ్రంథిలోనే లోపం ఉన్నవారికి మోతాదు నిర్ణయించడంలో టీఎస్‌హెచ్‌ను ప్రధానమైన కొలతగా తీసుకోవడానికి కారణం ఇదే.

మరొక మాట. మందులోగాని ఆరోగ్యంలోగాని ఏ మార్పూ లేకపోయినా ఒకే వ్యక్తి టీఎస్‌హెచ్ రెండు పరీక్షల మధ్య 40 శాతం దాకా అటూ ఇటూ కావచ్చు. రాత్రివేళ, తెల్లవారుజామున అది ఎక్కువగా ఉంటుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఒకసారి ఉదయం ఏడింటికి, మరొకసారి మధ్యాహ్నం మూడింటికి రక్తం ఇచ్చి, ఆ రెండు అంకెలనూ పోల్చి ‘పెరిగింది’, ‘తగ్గింది’ అని బాధపడేవారిని నేను తరచుగా చూస్తుంటాను. వీలైనంతవరకు అదే ల్యాబ్‌లో, అదే వేళకు రక్తం ఇవ్వండి. ఫ్రీ టీ4 కూడా చూడదలచుకుంటే ఆ రోజు మాత్రను రక్తం ఇచ్చిన తరువాతే వేసుకోండి. మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఫ్రీ టీ4 తాత్కాలికంగా పైకి పోతుంది. టీఎస్‌హెచ్ మాత్రం ఆ ఒక్క మాత్రకు కదలదు.

మందులబీరువా

నేను ఫార్మసిస్టుని. మోతాదు సరిపోలేదని అనుకునే ముందు, వేసుకున్న మాత్ర ఒంట్లోకి ఎంత వెళ్తున్నదో చూసుకోవాలని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. పరగడుపున వేసుకున్నప్పుడు కూడా లెవోథైరాక్సిన్‌లో 70 నుంచి 80 శాతమే పేగుల ద్వారా రక్తంలోకి చేరుతుంది. ఆహారంతో కలిస్తే ఇది ఇంకా తగ్గుతుంది. అందుకే ఉదయం మామూలు నీళ్లతో వేసుకొని, ఏదైనా తినడానికి, కాఫీ తాగడానికి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి.

క్యాల్షియం, ఐరన్ మాత్రలు లెవోథైరాక్సిన్‌ను పేగుల్లోనే పట్టి ఉంచుతాయి. వీటికీ థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం తప్పనిసరి. మల్టీవిటమిన్ మాత్రల్లో కూడా ఈ రెండూ ఉంటాయన్న సంగతి చాలామంది గమనించరు. అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, సుక్రాల్‌ఫేట్, కొలెస్ట్రాల్‌కు వాడే కొలెస్టిరమిన్ కూడా ఇదే పని చేస్తాయి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గించి మాత్ర కరగడాన్ని మందగింపజేస్తాయి. అవి ఎడం పాటిస్తే పోయే ఇబ్బంది కాదు, కొందరికి మోతాదే పెంచవలసి వస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ కాలేయంలో టీ4 త్వరగా ఖర్చయ్యేలా చేస్తాయి. ఈ మందుల్లో ఏది కొత్తగా మొదలుపెట్టినా, ఆపినా ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూడాలి.

వేకువవెలుగు గారూ, మీరు ఇతర మందులేవైనా వాడుతున్నారా?

వేకువవెలుగు

తెల్లకోటు గారికి, ప్రయోగశాల గారికి, మందులబీరువా గారికి ధన్యవాదాలు. రక్తహీనత ఉన్నందున ఐరన్ మాత్ర వాడుతున్నాను. థైరాయిడ్ మాత్ర వేసుకున్న గంటకు ఫలహారం చేసి, వెంటనే ఐరన్ మాత్ర వేసుకుంటున్నాను.

మందులబీరువా

అయితే ఆ ఐరన్ మాత్రను మధ్యాహ్న భోజనం వేళకో రాత్రికో మార్చవచ్చేమో మీ వైద్యురాలిని అడగండి. మార్చితే ఆ సంగతి, మార్చిన తేదీ కూడా ఆమెకు తెలియాలి, ఎందుకంటే ఎడం పాటించడం మొదలుపెట్టగానే అదే 75 మైక్రోగ్రాములు మునుపటికంటే ఎక్కువగా పనిచేస్తుంది. ఒక వైపు మోతాదు పెంచి, మరో వైపు ఐరన్‌ను దూరం చేస్తే టీఎస్‌హెచ్ అవసరానికి మించి పడిపోవచ్చు.

గడ్డిపూలు

అందరూ టీఎస్‌హెచ్ అంకె గురించే మాట్లాడుతున్నారు కాని, మనిషి బాధ గురించి ఎవరూ మాట్లాడడం లేదని నాకనిపిస్తోంది. నా టీఎస్‌హెచ్ 2.9. ‘మామూలుగానే ఉంది’ అని చెప్పి పంపించేస్తారు. నాకు మాత్రం మెలకువ వచ్చినప్పటి నుంచి అలసటే. ఫ్రీ టీ3 (టీ4 నుంచి శరీరం తయారుచేసుకునే మరో థైరాయిడ్ హార్మోను) పరీక్ష చేయించి, టీ3 మాత్ర కూడా కలిపి ఇస్తే బాగుంటుందని చాలాచోట్ల చదివాను. ఆ దారి ఎందుకు చూపించరు?

తెల్లకోటు

గడ్డిపూలు గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. టీఎస్‌హెచ్ పరిధిలోకి వచ్చిన తరువాత కూడా కొంతమంది రోగులకు అలసట, మతిమరుపు, బరువు వంటి ఇబ్బందులు మిగిలిపోతున్నాయన్నది వైద్యులు ఒప్పుకున్న విషయమే. అంకె బాగుందని చెప్పి ఆ బాధను కొట్టిపారేయడం తప్పు.

కాని ఆ అలసటకు కారణం థైరాయిడే అని నిర్ణయించే ముందు చూడవలసినవి ఉన్నాయి. హాషిమోటో ఉన్నవారిలో బి12 లోపానికి దారితీసే పెర్నీషియస్ అనీమియా, సీలియాక్ వ్యాధి వంటి ఇతర ఆటోఇమ్యూన్ జబ్బులు ఇతరులకంటే ఎక్కువగా కనిపిస్తాయి. రక్తహీనత, విటమిన్ డి, మధుమేహం, నిద్రలో శ్వాస ఆగే సమస్య, మానసిక కుంగుబాటు, అరుదుగా అడ్రినల్ గ్రంథుల లోపం కూడా ఇదే రూపంలో వస్తాయి. వీటిలో దేనినైనా పట్టించుకోకుండా లెవోథైరాక్సిన్ పెంచుకుంటూ పోతే అసలు కారణం దాక్కుంటుంది. అడ్రినల్ లోపం ఉన్న మనిషికి ముందు స్టెరాయిడ్ ఇవ్వకుండా థైరాయిడ్ హార్మోను ఇస్తే ప్రాణం మీదికే రావచ్చు.

ఫ్రీ టీ3 విషయానికి వస్తే, లెవోథైరాక్సిన్ వాడేవారిలో ఆ పరీక్ష మోతాదు నిర్ణయించడానికి పెద్దగా ఉపయోగపడదు. శరీరం టీ4ను టీ3గా ఎక్కువ భాగం ఆయా అవయవాల కణాల్లోనే మార్చుకుంటుంది, రక్తంలోని టీ3 ఆ లోపలి స్థితిని నమ్మకంగా చెప్పదు. టీ3 మాత్ర అర్ధాయువు కేవలం ఒక రోజు వరకు ఉంటుంది కనుక వేసుకున్న కొన్ని గంటలకు మట్టం ఎగబాకి, తరువాత పడిపోతుంది, కొందరికి గుండెదడ వస్తుంది. టీ4, టీ3 కలిపి ఇవ్వడం టీ4 ఒక్కటే ఇవ్వడంకంటే మేలని ఇప్పటివరకు జరిగిన పరిశోధనలు నిలకడగా చూపలేకపోయాయి. అయినా ఇతర కారణాలన్నీ వెతికిన తరువాత కూడా బాధ తగ్గనివారికి ఎండోక్రినాలజిస్టు పర్యవేక్షణలో పరిమిత కాలం ప్రయత్నించి చూడడాన్ని మార్గదర్శకాలు పూర్తిగా కాదనడం లేదు. గర్భిణులకు మాత్రం ఆ ప్రయత్నం తగదు. మీరు ఎండోక్రినాలజిస్టుని కలిసి ఇదే ప్రశ్న ఇంత సూటిగానే అడగండి.

పాతదారి

మా అమ్మగారి గురించి అడగాలనుకుంటున్నాను. ఆమె వయసు 78. చాలాకాలంగా రోజుకు 125 మైక్రోగ్రాములు వాడుతున్నారు. ఇటీవల గుండె కొట్టుకోవడంలో లయ తప్పిందని, అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. పరీక్షలో టీఎస్‌హెచ్ 0.06 వచ్చింది. గుండె వైద్యులు థైరాయిడ్ మోతాదు తగ్గించాలని అంటున్నారు. ఇన్నేళ్లుగా సరిపోయిన మోతాదును ఇప్పుడు తగ్గిస్తే మళ్లీ ఒళ్లు నీరు పడుతుందేమోనని అమ్మ భయపడుతున్నారు.

తెల్లకోటు

పాతదారి గారూ, ముందు ఒక ప్రశ్న. అమ్మగారికి థైరాయిడ్ క్యాన్సర్ శస్త్రచికిత్స ఎప్పుడైనా జరిగిందా? కొన్ని రకాల థైరాయిడ్ క్యాన్సర్ తరువాత, జబ్బు తిరగబెట్టకుండా టీఎస్‌హెచ్‌ను కావాలనే తక్కువగా ఉంచుతారు. అటువంటివారి విషయంలో ఎంత తగ్గించాలన్నది క్యాన్సర్ తీవ్రతను, గుండె పరిస్థితిని కలిపి చూసి నిర్ణయించాలి.

పాతదారి

లేదండి. హైపోథైరాయిడిజం మాత్రమే. క్యాన్సర్ లేదు, శస్త్రచికిత్సా లేదు.

తెల్లకోటు

అలాగైతే గుండె వైద్యులు చెప్పిన మాట సరైనది, ఆలస్యం చేయవలసింది కాదు. టీఎస్‌హెచ్ 0.1కంటే తక్కువగా ఉండడమంటే శరీరానికి అవసరానికి మించిన హార్మోను అందుతున్నదని పిట్యూటరీ గ్రంథి చెబుతున్నట్లు. వయసు మళ్లినవారిలో ఇది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. ఆ లయ తప్పడం వల్ల గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారితీయవచ్చు. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఎముకలు గుల్లబారడం కూడా త్వరగా జరుగుతుంది. అమ్మగారు పైకి ఏ బాధా చెప్పకపోయినా లోపల ఈ నష్టం జరుగుతూనే ఉంటుంది.

మోతాదు అదే ఉన్నప్పుడు ఇప్పుడెందుకు ఎక్కువైందన్నది అమ్మగారికి వివరించి చెప్పండి. వయసు పెరిగేకొద్దీ కండ తగ్గుతుంది, శరీరం టీ4ను ఖర్చుచేసే వేగమూ తగ్గుతుంది. యాభై ఏళ్ల వయసులో సరిగ్గా సరిపోయిన 125 మైక్రోగ్రాములు ఇప్పుడు ఎక్కువవుతాయి. గ్రంథి పూర్తిగా పనిచేయని నడివయసు మనిషికి కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలని లెక్క, పెద్ద వయసులో అంతకంటే తక్కువే సరిపోతుంది. ఒకేసారి మందు ఆపరు. సాధారణంగా 12.5 నుంచి 25 మైక్రోగ్రాముల చొప్పున తగ్గించి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూసి, అవసరమైతే మళ్లీ తగ్గిస్తారు. ఇలా మెట్టు మెట్టుగా దిగితే ఒళ్లు నీరు పట్టేంత లోపం రావడానికి ముందే పరీక్షలో కనిపిస్తుంది. డెబ్బై దాటినవారికి టీఎస్‌హెచ్ 4 నుంచి 6 మధ్య ఉన్నా ఇబ్బంది లేదని చాలామంది నిపుణులు భావిస్తారు కనుక, యువతుల పరిధిలోకి దించాలన్న పట్టుదల ఆమె విషయంలో అవసరం లేదు.

ఇక్కడ ఒక పాత సంగతి ప్రస్తావించదగినది. థైరాక్సిన్‌ను 1914లో ఎడ్వర్డ్ కెండాల్ వేరుచేశారు, 1927లో హారింగ్టన్, బార్గర్ దానిని ప్రయోగశాలలో తయారుచేశారు. కాని రక్తంలో టీఎస్‌హెచ్ కొలిచే పరీక్ష వైద్యులకు మామూలుగా అందుబాటులోకి వచ్చింది 1970ల్లోనే. అంతకుముందు రోగి లక్షణాలను, శరీరం ఆక్సిజన్ ఖర్చుచేసే రేటును చూసి మోతాదు నిర్ణయించేవారు, రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాముల దాకా ఇచ్చేవారు. టీఎస్‌హెచ్ పరీక్ష వచ్చిన తరువాతే అవి చాలామందికి ఎక్కువన్న సంగతి బయటపడి, మోతాదులు ఇప్పటి స్థాయికి దిగివచ్చాయి. లక్షణాలను మాత్రమే నమ్ముకొని మోతాదు పెంచితే ఎక్కడిదాకా పోతుందో ఆ అనుభవం చూపించింది. గడ్డిపూలు గారి ప్రశ్నకు కూడా ఇది కొంత సంబంధించినదే.

చిగురుకొమ్మ

నేను రోజుకు 100 మైక్రోగ్రాములు వాడుతున్నాను, టీఎస్‌హెచ్ 2.1 ఉండేది. నిన్ననే గర్భం నిర్ధారణ అయింది. నేను చూపించుకునే ఎండోక్రినాలజిస్టు అపాయింట్‌మెంట్ రావడానికి మూడు వారాలు పడుతుందంటున్నారు. అప్పటిదాకా ఇదే మోతాదుతో ఉండవచ్చా?

తెల్లకోటు

చిగురుకొమ్మ గారూ, శుభాకాంక్షలు. మూడు వారాలు ఆగవద్దు. ఈ రోజే ఫోన్ చేసి గర్భం సంగతి చెప్పి, మోతాదు గురించి అడగండి. ఎండోక్రినాలజిస్టు దొరకకపోతే ప్రసూతి వైద్యురాలిని అడగండి. ఈ చర్చలో ఇప్పటిదాకా ‘ఆగండి, ఆరు వారాలు చూడండి’ అని చెబుతూ వచ్చాము, గర్భం దానికి మినహాయింపు.

శిశువు థైరాయిడ్ గ్రంథి సుమారు 12 వారాలకు హార్మోను తయారుచేయడం మొదలుపెట్టినా, తన అవసరాలకు తగినంత తయారుచేయగలిగేది గర్భం సగం దాటాకనే. అంతవరకు శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి ఇచ్చే టీ4 ఆధారం. మరోవైపు ఈస్ట్రోజన్ పెరగడంతో రక్తంలో టీ4ను మోసే ప్రోటీన్ ఎక్కువై, దానిని నింపడానికే అదనంగా హార్మోను కావలసి వస్తుంది. ఆరోగ్యవంతురాలి గ్రంథి ఈ భారాన్ని తనంతట తాను మోస్తుంది, మాత్రమీద ఆధారపడినవారి గ్రంథి మోయలేదు. అందువల్ల అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలు, గర్భం ఉన్నట్లు తెలియగానే మోతాదును 20 నుంచి 30 శాతం పెంచమని, అందుకు సులువైన పద్ధతిగా వారానికి ఏడు మాత్రలకు బదులు తొమ్మిది వేసుకోమని సూచిస్తాయి. చాలామంది వైద్యులు గర్భం కోరుకుంటున్న స్త్రీలకు ఈ సూచన ముందుగానే ఇచ్చి ఉంచుతారు. మీ వైద్యులు చెప్పారో లేదో పాత కాగితాలు చూడండి, చెప్పకపోతే ఫోన్‌లో అడిగి నిర్ధారించుకోండి. ఆ తరువాత గర్భం సగం అయ్యేవరకు నాలుగు వారాలకొకసారి, 30వ వారం దగ్గర మరొకసారి టీఎస్‌హెచ్ చూస్తారు. మందు వాడుతున్నవారిలో దానిని 2.5కంటే తక్కువగా ఉంచడం లక్ష్యం. కాన్పు కాగానే మళ్లీ పాత మోతాదుకు వచ్చి, ఆరు వారాలకు పరీక్ష చేయించుకుంటారు.

మందులబీరువా

చిగురుకొమ్మ గారికి నా వైపు నుంచి ఒక్క మాట. ఇకమీదట మీకు ఐరన్, క్యాల్షియం మాత్రలు తప్పక రాస్తారు. పైన చెప్పిన నాలుగు గంటల ఎడం మీ విషయంలో మరింత ముఖ్యం.

నదీతీరం

నాది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సమస్య. గ్రేవ్స్ వ్యాధికి (థైరాయిడ్ హార్మోను ఎక్కువగా తయారయ్యే జబ్బు) కార్బిమజోల్ (ఆ తయారీని తగ్గించే మాత్ర) వాడుతున్నాను. మొదలుపెట్టినప్పుడు ఫ్రీ టీ4 చాలా ఎక్కువగా ఉండేది. రెండు నెలల తరువాత చేయించిన పరీక్షలో ఫ్రీ టీ4, టీ3 రెండూ పరిధిలోకి వచ్చాయి, కాని టీఎస్‌హెచ్ మాత్రం 0.01 దగ్గరే ఉంది. దడ, వణుకు తగ్గాయి. మా వైద్యులేమో మోతాదు తగ్గించారు. టీఎస్‌హెచ్ ఇంకా అంత తక్కువగా ఉన్నప్పుడు తగ్గించడం సరైనదేనా?

తెల్లకోటు

సరైనదే. చాలాకాలం హార్మోను ఎక్కువగా ఉన్నప్పుడు పిట్యూటరీలో టీఎస్‌హెచ్ తయారుచేసే కణాలు అణగిపోయి ఉంటాయి. రక్తంలో టీ4, టీ3 మామూలు స్థాయికి వచ్చిన తరువాత కూడా అవి తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ కాలంలో టీఎస్‌హెచ్‌ను చూసి కార్బిమజోల్ పెంచితే మనిషి హైపోథైరాయిడిజంలోకి జారిపోతాడు. అందుకే చికిత్స తొలి నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి ఫ్రీ టీ4, టీ3 చూసి మోతాదు నిర్ణయిస్తారు. హైపోథైరాయిడిజంలో మనం ప్రధానంగా నమ్మిన అంకె ఇక్కడ కొంతకాలం నమ్మదగినది కాదు. పిట్యూటరీ గ్రంథికే జబ్బుచేసినవారికి, దానికి శస్త్రచికిత్స అయినవారికి అయితే టీఎస్‌హెచ్ ఎప్పటికీ ఆధారం కాదు, వారి లెవోథైరాక్సిన్ మోతాదును ఫ్రీ టీ4 చూసే నిర్ణయించాలి.

నదీతీరం గారూ, మీ వైద్యులు ఈ హెచ్చరిక చెప్పే ఉంటారు, అయినా ఇక్కడ చదివే ఇతరుల కోసం రాస్తున్నాను. కార్బిమజోల్, మెథిమజోల్, ప్రొపైల్‌థయోయురాసిల్ వాడేవారికి అరుదుగా తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. జ్వరంగాని, గొంతునొప్పిగాని, నోటిలో పుండ్లుగాని వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. కళ్లు పచ్చబడినా అంతే. మామూలు జలుబేలే అని ఇంట్లో ఉండిపోకూడదు.

ప్రయోగశాల

అంకెలను నమ్మవచ్చా లేదా అన్న ప్రస్తావన వచ్చింది కాబట్టి బయోటిన్ గురించి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. జుట్టు, గోళ్ల కోసం అమ్మే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది సుమారు 30 మైక్రోగ్రాములే. అనేక ల్యాబ్‌ల యంత్రాలు బయోటిన్‌కు, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్‌కు మధ్య ఉండే గట్టి బంధం ఆధారంగా హార్మోన్లను కొలుస్తాయి. రక్తంలో బయోటిన్ అధికంగా ఉంటే ఆ కొలత తారుమారై, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4, టీ3 ఎక్కువగా వస్తాయి. కాగితం మీద అది అచ్చంగా, థైరాయిడ్ హార్మోను ఎక్కువయ్యే జబ్బైన హైపర్‌థైరాయిడిజంలాగే కనబడుతుంది. అవసరమైన మోతాదును తగ్గించేయడానికి, లేని జబ్బుకు మందు మొదలుపెట్టడానికి కూడా ఇది దారితీయగలదు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి. చాలా పెద్ద మోతాదులు వాడేవారు ఇంకా ఎక్కువ రోజులు ఆపవలసి రావచ్చు. రక్తం ఇచ్చేటప్పుడు ల్యాబ్‌వారికి ఆ మాట చెబితే ఇంకా మంచిది.

తీవ్రమైన జ్వరం, ఆసుపత్రిలో చేరవలసిన జబ్బు, పెద్ద శస్త్రచికిత్స జరిగిన రోజుల్లో థైరాయిడ్ పరీక్షను అత్యవసరమైతే తప్ప చేయించకపోవడమే మేలు. జబ్బు సమయంలో టీ3, టీఎస్‌హెచ్ తగ్గుతాయి, కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొద్దికాలం పరిధి దాటి పైకి పోతుంది. రెండూ థైరాయిడ్ జబ్బులు కావు.

వేకువవెలుగు

అందరి సమాధానాలు చదివిన తరువాత మోతాదు మార్చకుండా 75తోనే కొనసాగి, వైద్యురాలిని కలిసినప్పుడు మూడు వారాల రిపోర్టును, ఐరన్ మాత్ర వేళను ఆమెకు చెప్పాను. ఆమె ఐరన్‌ను రాత్రికి మార్చి, ఆ మార్పు నుంచి ఎనిమిది వారాలు లెక్కపెట్టి పరీక్ష రాశారు. అందులో టీఎస్‌హెచ్ 2.4, ఫ్రీ టీ4 1.4 వచ్చాయి. మోతాదు ఇదే ఉంచి, ఆరు నెలల తరువాత ఒకసారి, అది కూడా నిలకడగా ఉంటే ఆపైన ఏడాదికొకసారి చూస్తే చాలన్నారు. యాంటీ టీపీఓ పరీక్ష (థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీలను చూపే పరీక్ష) మళ్లీ చేయించాలా అని అడిగితే, ఒకసారి పాజిటివ్ అని తేలాక ఆ అంకె పెరిగినా తగ్గినా మోతాదు మారదు కనుక అవసరం లేదన్నారు. మలబద్ధకం తగ్గింది. నీరసం చాలావరకు తగ్గింది కాని పూర్తిగా పోలేదు, అది రక్తహీనత వల్ల కావచ్చని ఐరన్ కొనసాగించమన్నారు.

నాకు మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఏదైనా రోజు ఉదయం మాత్ర మరచిపోతే ఏం చేయాలి? దుకాణంలో వేరే కంపెనీ మాత్ర ఇస్తే తీసుకోవచ్చా?

మందులబీరువా

సంతోషం. మరచిపోయిన మాత్ర అదే రోజు గుర్తుకువస్తే, తిన్న తరువాత మూడు నాలుగు గంటలు ఆగి వేసుకోవచ్చు. మరునాటి వరకు గుర్తురాకపోతే మామూలు మాత్ర వేసుకొని కొనసాగించండి, రెండు కలిపి వేసుకోవాలా అన్నది మీ వైద్యురాలు చెప్పాలి. అర్ధాయువు వారం రోజులు కాబట్టి ఒక మాత్ర తప్పినందువల్ల పెద్ద తేడా రాదు. తరచుగా తప్పితే మాత్రం వస్తుంది. వారాల తరబడి మాత్రలు సరిగా వేసుకోకుండా, పరీక్షకు ముందు నాలుగు రోజులు మాత్రం క్రమం తప్పకుండా వేసుకున్నవారి రిపోర్టులో ఫ్రీ టీ4 మామూలుగా లేదా కొంచెం ఎక్కువగా, టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి వైద్యులు మోతాదు పెంచితే ఆ తరువాత క్రమంగా వేసుకోవడం మొదలుపెట్టినవారికి అది ఎక్కువైపోతుంది. కాబట్టి తప్పిన మాత్రల సంగతి దాచకుండా చెప్పడం మీకే మంచిది. ఉదయం వీలుకానివారు రాత్రి భోజనమైన మూడు గంటల తరువాత, పడుకునే ముందు వేసుకున్నా సరిపోతుంది.

కంపెనీ విషయంలో, వీలైనంతవరకు ఒకటే కొనసాగించండి. లెవోథైరాక్సిన్‌లో చిన్న తేడా కూడా టీఎస్‌హెచ్‌లో కనబడుతుంది. తప్పనిసరై మారితే ఆ తేదీ రాసుకొని, ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూపించండి. మాత్రలను వేడి, తేమ, వెలుతురు తగలనిచోట, అవి వచ్చిన ప్యాకింగులోనే ఉంచండి.

పాతదారి

మా అమ్మగారి మోతాదును 100కు తగ్గించారు. ఆరు వారాల పరీక్ష ఇంకా రావలసి ఉంది. ఈలోగా ఒక సందేహం. గుండె ఆసుపత్రిలో చేసిన రిపోర్టులో ఫ్రీ టీ4 23.2 అని ఉంది. మేము ఎప్పుడూ వెళ్లే ల్యాబ్‌లో, అదే వారంలో 1.8 వచ్చింది. ఇంత తేడా ఎలా వస్తుంది?

ప్రయోగశాల

తేడా లేదండి, కొలమానాలు వేరు. మీ ల్యాబ్ డెసిలీటరుకు నానోగ్రాములలో ఇచ్చింది, ఆసుపత్రి లీటరుకు పికోమోల్‌లలో ఇచ్చి ఉంటుంది. మొదటిదానిని 12.87తో గుణిస్తే రెండోది వస్తుంది. 1.8ని గుణించి చూడండి, 23.2 వస్తుంది. టీఎస్‌హెచ్‌కు ఈ ఇబ్బంది లేదు, లీటరుకు మిల్లీయూనిట్లు అని రాసినా, మిల్లీలీటరుకు మైక్రోయూనిట్లు అని రాసినా అంకె ఒకటే ఉంటుంది. ఆరు వారాల పరీక్షను మాత్రం మీరు ఎప్పుడూ వెళ్లే ల్యాబ్‌లోనే, ఉదయం మాత్ర వేయకముందు చేయించండి.